పాత జపాన్ స్పోర్ట్స్ కారుకి రేటు కట్టాలంటే ఆన్‌లైన్ ఫారం చాలదు

పాత ఫోన్ అమ్మడం మనకి కొత్తేం కాదు. మోడల్ ఏంటి, స్టోరేజ్ ఎంత, స్క్రీన్ మీద గీతలున్నాయా, బ్యాటరీ హెల్త్ ఎంత... నాలుగు ప్రశ్నలకి జవాబిస్తే సైట్ ఒక నంబర్ చూపిస్తుంది. ఆ నంబర్ కాస్త అటూ ఇటూగా కరెక్టే ఉంటుంది. ఎందుకంటే అదే మోడల్ ఫోన్లు లక్షల్లో ఉంటాయి, అన్నీ దాదాపు ఒకేలా పాతబడతాయి, కొత్త మోడల్ రాగానే పాతదాని రేటు పడుతుంది. గ్రాఫ్ ఎప్పుడూ కిందికే.

ఈ సైట్‌లో ఎక్కువగా ఫోన్ల గురించే మాట్లాడుకుంటాం. ఈసారి కారు గురించి రాస్తున్నాను, దానికి కారణం ఉంది. అమెరికాలో ఉద్యోగం చేస్తున్న మనవాళ్లలో పాత జపాన్ స్పోర్ట్స్ కార్ల పిచ్చి ఉన్నవాళ్లు చాలామందే ఉన్నారు. మజ్దా మియాటా, నిస్సాన్ 350జెడ్, హోండా ఎస్2000 లాంటివి సెకండ్‌హ్యాండ్‌లో కొనుక్కుని వీకెండ్ నడుపుకుంటారు. కొన్నప్పుడు నెలల తరబడి రీసెర్చ్ చేస్తారు. అమ్మేటప్పుడు మాత్రం ఫోన్ అమ్మినట్టే ఫారం నింపి, వచ్చిన నంబర్‌ని దేవుడి మాటలా నమ్మేస్తారు.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. ఇరవై ఏళ్లు దాటిన స్పోర్ట్స్ కారు విషయంలో ఆ నంబర్ మీ కారు విలువ కాదు. అది ఆ కంపెనీ రిస్క్ తీసుకోకుండా ఇవ్వగలిగిన డబ్బు, అంతే. అసలు విలువ లెక్కగట్టడం కష్టమేం కాదు, ఒక వీకెండ్ పని. ఆ పని చేయకపోతే పోయేది వేల డాలర్లు.

అరవై రోజుల లెక్క

హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లకి ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజుల గ్రేస్ పీరియడ్ ఉంటుంది. ఆలోపు కొత్త ఉద్యోగమైనా దొరకాలి, స్టేటస్ అయినా మారాలి, లేదంటే సామాన్లు సర్దుకోవాలి. ఇంటి లీజు, క్రెడిట్ కార్డులు, ఫర్నిచర్, ఆఖర్లో కారు.

ఎస్2000 లాంటి కారుని ఇంటికి తెచ్చుకుందామన్నా కుదరదు. ఇండియాకి సెకండ్‌హ్యాండ్ కారు దిగుమతి చేయాలంటే మామూలుగా అది మూడేళ్లలోపుది అయ్యుండాలి, స్టీరింగ్ కుడివైపు ఉండాలి. అమెరికాలో కొన్న పాత కారు ఈ రెండింట్లో ఒక్కటీ పాస్ కాదు. కాబట్టి అమ్మాల్సిందే, అదీ టైమ్ లోపల.

డాలస్ దగ్గర ఉండే మా గుంటూరు ఫ్రెండ్ ఒకడికి సరిగ్గా ఇదే పరిస్థితి వచ్చింది. వాడిది 2003 ఎస్2000. ఉద్యోగం పోయిన నాలుగో రోజే ఒక కార్ల కొనుగోలు కంపెనీ సైట్‌లో వివరాలు నింపాడు. నిమిషంలో ఆఫర్ వచ్చింది. "మామా, పాత కారు కదా, ఇంతకంటే ఎవడిస్తాడు, ఇచ్చేద్దామనుకుంటున్నా" అన్నాడు. "రెండు రోజులు ఆగరా, ఆఫర్ ఎక్కడికీ పోదు" అన్నాను. ఆ రెండు రోజులు కూర్చుని కింద రాసిన లెక్కే వేశాం. చివరికి కారు ఇంకో ఔత్సాహికుడికి అమ్ముడుపోయింది. మొదటి ఆఫర్‌కీ చేతికొచ్చిన డబ్బుకీ మధ్య తేడా, వాడి అపార్ట్‌మెంట్‌కి నాలుగు నెలల అద్దె. ఉద్యోగం లేని మనిషికి నాలుగు నెలల అద్దె అంటే ఏంటో విడిగా చెప్పక్కర్లేదు.

ఫారం ఎక్కడ ఫెయిల్ అవుతుంది

కెల్లీ బ్లూ బుక్ లాంటి గైడ్లు పనికిరావని నేను అనను. క్యామ్రీకో, సివిక్‌కో అవి బాగానే పనిచేస్తాయి. ప్రతి నెలా వేలల్లో చేతులు మారే కార్లవి. డేటా ఎక్కువ, తేడాలు తక్కువ. సగటు తీస్తే అర్థం ఉంటుంది.

ఎస్2000 సంగతి వేరు. 1999 నుంచి 2009 వరకు తయారైంది. అమెరికాలో మొత్తం అమ్మింది సుమారు 66 వేలు. అందులో గోతుల్లో పడ్డవి ఎన్నో, రేస్ ట్రాక్‌ల మీద అరిగిపోయినవి ఎన్నో. మిగిలినవాటిలో ఏ రెండూ ఒకేలా ఉండవు. ఒకటి గరాజ్‌లో దుప్పటి కప్పుకుని పడుకుంది, ఇంకొకటి ఐదుగురు ఓనర్ల చేతిలో నలిగింది. రెండిటికీ ఇయర్ ఒకటే, మైళ్లు ఒకటే. ఫారం దృష్టిలో రెండూ ఒకటే. మన భాషలో చెప్పాలంటే శాంపిల్ చిన్నది, వేరియెన్స్ పెద్దది, అసలైన ఫీచర్లు మోడల్‌కి ఇన్‌పుట్‌గా వెళ్లట్లేదు.

పెయింట్ ఒరిజినలా? కంపెనీ పార్ట్స్ అన్నీ ఉన్నాయా? ఇంజిన్ కంప్రెషన్ ఎంత? సర్వీస్ బిల్లులున్నాయా? హార్డ్‌టాప్ ఉందా? ఫారంలో వీటికి గడులుండవు. ఉన్నా "బాగుంది, చాలా బాగుంది" అనే రెండు ఆప్షన్లు.

గ్రాఫ్ ఎందుకు తిరగబడింది

ఫోన్‌కి, ఈ కారుకి ఉన్న పెద్ద తేడా ఇక్కడే. కొత్త ఫోన్ పాతదాని పనినే ఇంకా బాగా చేస్తుంది. ఎస్2000 చేసిన పని చేసే కొత్త కారు హోండా మళ్లీ తీసుకురాలేదు.

హోండా 50 ఏళ్ల వేడుకల సందర్భంగా ప్లాన్ చేసిన కారు ఇది. టర్బో లేదు. 2 లీటర్ల ఇంజిన్, అమెరికా మోడల్‌లో 240 హార్స్‌పవర్. అంటే లీటరుకి 120. రెడ్‌లైన్ 9000 ఆర్‌పీఎం. గేర్‌బాక్స్ 6 స్పీడ్ మాన్యువల్ ఒక్కటే, ఆటోమేటిక్ అనే ఆప్షనే లేదు. వెనక చక్రాలు తిప్పే ఓపెన్‌టాప్ కారు. 2009లో ఆపేశాక దీనికి వారసుడు రాలేదు.

దానికి తోడు సినిమా. ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్ మొదటి భాగంలోనూ, 2003లో వచ్చిన రెండో భాగంలోనూ ఎస్2000 కనిపిస్తుంది. ఆ రోజుల్లో అవి చూసిన కుర్రాళ్ల చేతిలో ఇప్పుడు డబ్బుంది. అందుకే కొత్తలో సుమారు 32 వేల డాలర్లున్న ఈ కారు రేటు కొన్నేళ్లు కిందికి జారి, తర్వాత మళ్లీ పైకి ఎక్కింది.

అయితే ఇక్కడో జాగ్రత్త. 2021లో సినిమాలో వాడిన ఆరెంజ్ కలర్ టొయోటా సుప్రా బ్యారెట్ జాక్సన్ వేలంలో 5,50,000 డాలర్లకి అమ్ముడైంది. ఆ వార్త చూసి సుప్రా ఉన్న ప్రతివాడూ తన కారుకి రేటు పెంచేసుకున్నాడు. ఆ డబ్బు ఆ ఒక్క కారు చరిత్రకి. ఎస్2000లోనూ సీఆర్ అనే వెర్షన్ ఉంది. 2008, 2009లో అమెరికా కోసం సుమారు 700 మాత్రమే చేశారు. మైళ్లు దాదాపు తిరగని సీఆర్‌లు లక్ష డాలర్లు దాటి పోయాయి. మీ మామూలు ఎస్2000కి, దానికి సంబంధం లేదు. ఫారం తక్కువ చెబుతుంది, హెడ్‌లైన్ ఎక్కువ చెబుతుంది. రెండూ మీ కారు గురించి కాదు.

సరే, లెక్క ఎలా వేయాలి

మొదట మీ కారు ఏదో సరిగ్గా తెలుసుకోండి. అమెరికాలో 2000 నుంచి 2003 మోడల్స్ ఏపీ1, 2004 నుంచి 2009 ఏపీ2. ఏపీ అంటే మన ఆంధ్రప్రదేశ్ కాదు లెండి, ఛాసిస్ కోడ్. ఏపీ1లో 2 లీటర్ల ఇంజిన్, 9000 రెడ్‌లైన్. ఏపీ2లో 2.2 లీటర్లు, రెడ్‌లైన్ 8000కి తగ్గింది కానీ కింద గేర్లలో లాగుడు ఎక్కువ. 2002 నుంచి వెనక ప్లాస్టిక్ కిటికీ పోయి గాజుది వచ్చింది. 2006లో స్టెబిలిటీ కంట్రోల్ వచ్చింది. ఒక్కోదానికి ఒక్కో రకం కొనుగోలుదారుడు ఉంటాడు. "ఎస్2000 రేటెంత" అని వెతికితే ఇవన్నీ కలిసిపోయిన కిచిడీ వస్తుంది.

రెండోది, అమ్ముడైన రేట్లు మాత్రమే చూడండి. క్లాసిఫైడ్స్‌లో కనిపించేది అడిగే రేటు. అది అమ్మేవాడి కోరిక. ఆరు నెలలుగా అదే రేటుకి అక్కడే ఉందంటే ఆ రేటుకి ఎవరూ కొనట్లేదనే కదా అర్థం. బ్రింగ్ ఎ ట్రైలర్, కార్స్ అండ్ బిడ్స్ లాంటి వేలం సైట్లలో ముగిసిన వేలాలు ఎవరైనా చూడొచ్చు. మీ మోడల్‌కి దగ్గరగా ఉన్న 8 నుంచి 10 కార్లు తీసుకోండి, అవి ఏడాదిలోపు అమ్ముడైనవి కావాలి. 2021, 2022లో వేడెక్కిన మార్కెట్ రేట్లని ఇవాళ్టి లెక్కలో కలపొద్దు. అన్నిటికంటే పైది, అన్నిటికంటే కిందిది పక్కన పెట్టండి. సగటు కాకుండా మధ్యలో ఉన్న రేటు, అంటే మీడియన్ తీసుకోండి. ఒక్క సీఆర్ తప్పిపోయి లిస్ట్‌లో దూరినా సగటు పాడైపోతుంది, మీడియన్ తట్టుకుంటుంది.

అమ్ముడవకుండా ఆగిపోయిన వేలాలు కూడా ఉపయోగమే. ఎక్కువ రేటు ఆశించి అమ్మనివాడికి చివరి బిడ్ ఎంత వచ్చిందో అక్కడ ఉంటుంది. ఇంకో విషయం, వేలం సైట్‌లో కనిపించే ధర మీద కొనేవాడు సైట్‌కి విడిగా ఫీజు కడతాడు. మీరు నేరుగా అమ్మితే కొనేవాడికి ఆ ఫీజు మిగులుతుంది, బేరంలో అది గుర్తుపెట్టుకోండి.

మూడోది, కండిషన్. హాగర్టీ వాళ్ల గైడ్‌లో కార్లని 1 నుంచి 4 దాకా నాలుగు కండిషన్లుగా విడదీస్తారు. 1 అంటే షోలో పెట్టే కారు, 4 అంటే నడుస్తుంది కానీ లోపాలు కనిపిస్తాయి. ఓనర్లందరూ తమ కారు 2 అనుకుంటారు. నడిపే కార్లలో ఎక్కువ భాగం 3. ముందే 3 అనుకుని మొదలుపెట్టండి, 2 అనడానికి సాక్ష్యం ఉంటేనే పైకి వెళ్లండి.

సాక్ష్యం అంటే ఏంటి

ఫోన్‌లో బ్యాటరీ హెల్త్ సెట్టింగ్స్‌లోనే కనిపిస్తుంది. ఇక్కడ దానికి సమానమైంది కంప్రెషన్ టెస్ట్, లీక్‌డౌన్ టెస్ట్. నాలుగు సిలిండర్ల నంబర్లు ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయా లేదా అన్నది చూడాలి. 9000 దాకా తిరిగే ఇంజిన్‌ని తప్పు గేర్‌లో వేసి ఇంకా పైకి తిప్పేస్తే వాల్వ్‌లు, రిటైనర్లు దెబ్బతింటాయి. రెవ్ లిమిటర్ దాన్ని ఆపలేదు, ఎందుకంటే అక్కడ ఇంజిన్‌ని తిప్పేది చక్రాలు. బయటికి కారు మెరుస్తూనే ఉంటుంది. టెస్ట్ రిపోర్ట్ ఒక్కటే నిజం చెబుతుంది. అమ్మే ముందు మీరే చేయించి పేపర్ చేతిలో పెట్టుకుంటే సగం బేరం అక్కడే అయిపోతుంది.

తర్వాత స్టిక్కర్లు. ఎస్2000 బానెట్, ఫెండర్లు, డోర్లు, డిక్కీ, బంపర్ల మీద విన్ నంబర్ స్టిక్కర్లు ఉంటాయి. ఒకచోట లేకపోతే ఆ ప్యానెల్ మార్చారో, రంగు వేశారో అని కొనేవాడికి అనుమానం వస్తుంది. కార్‌ఫాక్స్ క్లీన్‌గా ఉంది అన్నది ఒక్కటే చాలదు. ఇన్సూరెన్స్‌కి చెప్పకుండా జేబులోంచి డబ్బు కట్టి బాగు చేయించిన యాక్సిడెంట్లు అందులో కనిపించకపోవచ్చు. పెయింట్ మందం కొలిచే మీటర్ వాడితే అల్యూమినియం మీద కూడా పనిచేసేది తీసుకోండి, ఈ కారు బానెట్ అల్యూమినియం.

ఆపైన ఈ కారుకి తెలిసిన జబ్బులు. టైమింగ్ చైన్ టెన్షనర్ చప్పుడు, రెండో గేర్ గరగర, చిరిగిన సాఫ్ట్‌టాప్, ఎప్పుడూ చేయించని వాల్వ్ అడ్జస్ట్‌మెంట్. వీటిలో ఏది బాగు చేయించారో బిల్లుతో చూపించగలిగితే విలువ. "చేయించా అన్నా" అంటే విలువ లేదు.

మాడిఫికేషన్ల గురించి చాలామందికి నచ్చని మాట ఒకటి. మీరు ఐదు వేల డాలర్లు పెట్టి చక్రాలు, ఎగ్జాస్ట్, సస్పెన్షన్ మార్చి ఉంటే కారు విలువ ఐదు వేలు పెరగదు. చాలాసార్లు తగ్గుతుంది. ఎందుకంటే మీ టేస్ట్ కొనేవాడి టేస్ట్ కాదు, పైగా మార్చిన కారు అంటే గట్టిగా తొక్కిన కారు అని అనుకుంటాడు. కానీ తీసేసిన కంపెనీ పార్ట్స్ డబ్బాల్లో దాచి ఉంచితే ఆ డబ్బాలకి నిజంగా విలువుంది. కారుని ఒరిజినల్‌గా మార్చి, మాడ్ పార్ట్స్ విడిగా అమ్మితే మొత్తం మీద ఎక్కువ రావడం మామూలే. మా ఫ్రెండ్ చేసింది కూడా అదే.

ఒక ఉదాహరణ

ఈ అంకెలు లెక్క అర్థం కావడం కోసం నేను అనుకున్నవి, మార్కెట్ రేట్లు కావు. 2003 ఏపీ1, 90 వేల మైళ్లు. దగ్గర పోలిక ఉన్న పది కార్లు 17 వేల నుంచి 31 వేల దాకా అమ్ముడయ్యాయి అనుకుందాం. చివర్లు తీసేస్తే 20 నుంచి 26. మీడియన్ 23 వేలు.

ఇప్పుడు తీసివేతలు. సాఫ్ట్‌టాప్ చిరిగింది, 1500. టైర్లు అయిపోయాయి, 800. టెన్షనర్ చప్పుడు చేస్తోంది, 500. మొత్తం 2800. మిగిలింది 20,200. ఇక్కడ ఒక పొరపాటు దొర్లకుండా చూసుకోవాలి. పోల్చిన కార్లలో కూడా టైర్లు అయిపోయే ఉంటే ఆ 800 ఇప్పటికే వాటి ధరలో తగ్గి ఉంటుంది, మళ్లీ తీసివేయకూడదు. మీ కారుకి ఉండి వాటికి లేని లోపాలు మాత్రమే తీసివేయాలి.

సర్వీస్ బిల్లులు పూర్తిగా ఉన్నాయి, ఒరిజినల్ చక్రాలున్నాయి అనుకుంటే నేను 20 నుంచి 22 వేలు అంటాను. ఒక్క నంబర్ చెప్పకుండా రేంజ్ చెప్పడం కావాలనే. ఇరవై ఏళ్ల కారుకి డాలర్ దాకా కచ్చితంగా విలువ చెప్పేవాడిని నమ్మొద్దు.

టైటిల్ మీద సాల్వేజ్ లేదా రీబిల్ట్ అని ఉంటే ఈ లెక్కంతా పక్కన పెట్టండి. అలాంటి కార్లని అలాంటి కార్లతోనే పోల్చాలి.

మరి ఇన్‌స్టంట్ ఆఫర్ మోసమా?

కాదు. ఆ కంపెనీ మీ కారు కొన్నాక దాన్ని నిలబెట్టుకోవాలి, ఏదైనా దాచిన లోపం బయటపడితే భరించాలి, ఎక్కువ భాగం డీలర్ల వేలానికి పంపాలి, లాభం మిగుల్చుకోవాలి. అదంతా తీసేసి మీకు ఇస్తుంది. బదులుగా మీకు వచ్చేది వేగం. రేపు ఉదయం చెక్ చేతిలో ఉంటుంది, ఫోన్లు ఎత్తక్కర్లేదు, తెలియని మనుషుల్ని కారెక్కించుకోనక్కర్లేదు.

పెళ్లాం పిల్లలతో రెండు వారాల్లో ఫ్లైట్ ఎక్కాల్సినవాడికి ఆ వేగానికి నిజంగా విలువుంది. తీసుకోవడంలో తప్పులేదు. నేను అనేది ఒక్కటే, ఆ వేగానికి ఎంత కడుతున్నారో తెలుసుకుని కట్టండి. పై ఉదాహరణలో ఆఫర్ 15 వేలు అయితే మీరు వేగం కోసం కనీసం 5 వేలు కడుతున్నట్టు. మీ దగ్గర ఇంకా 50 రోజులుంటే అది చాలా ఖరీదైన వేగం. వేలం సైట్‌లో బిడ్డింగ్ సాధారణంగా వారం రోజులు నడుస్తుంది. దానికి ముందు ఫొటోలు, పేపర్లు, క్యూ అని ఇంకొంత టైమ్ పడుతుంది. అందుకే ఉద్యోగం పోయిన మొదటి వారంలోనే ఆ పని మొదలుపెట్టాలి, ఇన్‌స్టంట్ ఆఫర్‌ని ఆఖరి వారానికి బ్యాకప్‌గా ఉంచుకోవాలి. లోన్ మిగిలి ఉంటే బ్యాంకు నుంచి టైటిల్ రావడానికి పట్టే రోజులు కూడా లెక్కలో వేసుకోండి.

అమ్మే ఆలోచన లేనివాళ్లకి కూడా

ఈ లెక్క అమ్మేటప్పుడే పనికొస్తుందనుకోకండి. మామూలు ఇన్సూరెన్స్‌లో కారు టోటల్ లాస్ అయితే కంపెనీ అప్పటి మార్కెట్ విలువ ఇస్తుంది. ఆ విలువని వాళ్లు కూడా ఒక సాఫ్ట్‌వేర్ నుంచే తీసుకోవచ్చు, అక్కడా మీ కారు ప్రత్యేకతలు కనిపించకపోవచ్చు. దీనికి విరుగుడు అగ్రీడ్ వాల్యూ పాలసీ. పాలసీ తీసుకునేటప్పుడే కారు విలువ ఇంత అని రెండు వైపులా ఒప్పుకుంటారు, పోతే అంతే ఇస్తారు. సాధారణంగా రోజూ వాడే కారు ఇంకొకటి ఉండాలని, దీన్ని గరాజ్‌లో పెట్టాలని కండిషన్లు ఉంటాయి. ఆ విలువ ఎంత అని అడిగినప్పుడు మీరు చూపించాల్సింది పైన చెప్పిన లిస్టే.

అలాగని ఇది పెట్టుబడి అనుకుని కొనకండి. ఇన్సూరెన్స్, టైర్లు, రిపేర్లు, పార్కింగ్ అన్నీ కలిపితే పెరిగిన రేటు చాలామందికి ఖర్చుల్లోనే కరిగిపోతుంది. నడపడానికి కొనండి. విలువ నిలబడితే అది బోనస్.

నా ఫైనల్ మాట

ఈ వీకెండ్ ఒక ఫోల్డర్ ఓపెన్ చేయండి. ప్రతి ఆయిల్ ఛేంజ్ బిల్లు, ప్రతి విన్ స్టిక్కర్ ఫొటో, తీసేసిన పార్ట్స్ ఫొటోలు, కంప్రెషన్ రిపోర్ట్, అమ్ముడైన పది కార్ల లింకులు అందులో పెట్టండి. ఆరు నెలలకోసారి అప్‌డేట్ చేయండి. ఫోన్‌కి బ్యాకప్ ఎంత అవసరమో పాత కారుకి ఈ ఫోల్డర్ అంత అవసరం. ఉద్యోగం పోయిన రోజు తల తిరిగిపోతూ ఉంటుంది, ఆ రోజు కొత్తగా లెక్కలు వేసే ఓపిక ఎవరికీ ఉండదు. ఫోల్డర్ రెడీగా ఉన్నవాడు ఆఫర్ చూసి "ఇది తక్కువ" అని చెప్పగలడు. లేనివాడు స్క్రీన్ మీద వచ్చిన నంబర్‌కి సరే అనేస్తాడు.